పాతరంగు ఫోటోలు

పాతవస్తువులయందు మనుష్యునకు గల మమకారము వింతయైనది. తాతగారి కఱ్ఱపెట్టె, అవ్వ వాడిన ఇత్తడి చెంబు, అక్షరములు చెరిగిన క్రయపత్రము, వీనిలో దేనికిని నేడు అంగడిలో గొప్ప వెల రాదు. అయినను ఇల్లు మారునపుడు మొదట బండి యెక్కించునవి అవియే. వానిలో అన్నిటికంటె తేలికైనదియు, అన్నిటికంటె త్వరగా చెడిపోవునదియు గోడమీది ఫోటో. ఇప్పుడు ఆ పాతదనమును సెల్‌ఫోనుతో రెండు నిమిషములలో తయారుచేయు ఉపాయములు వచ్చినవి. మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి మొదలుకొని పైతరగతుల పిల్లలలో ఈ విద్య తెలియనివారు అరుదు. నిన్న ఉదయము తీసిన బొమ్మ నేటికి తొంబదియేండ్ల పటమువలె గోధుమవన్నె దాల్చి, అంచులు నలిగి, గీతలు పడి మనకు ఎదురగుచున్నది. దీనినిగూర్చి విద్యార్థులతోను, వారి తల్లిదండ్రులతోను నాలుగు మాటలు చెప్పవలెనని మాకు తోచినది.

ఈ విద్యను తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. మేము తెలుగు చెప్పువారమే గాని ఫోటోలు తీయువారము కాము. అయినను సాయంకాలము బడి విడిచిన పిదప పిల్లలు ఫోను చేతబట్టి "ఇది చూడండి, అయ్యవారూ" అని చుట్టును చేరినపుడు మేమును వారితో కూడి ఎన్నో బొమ్మలను పాతరంగులోనికి మార్చి చూచితిమి. హోసూరు చంద్రచూడేశ్వరుని కొండయు, సంతలో రాగులు కొలుచు చేతులును, వానకు తడిసిన పెంకుటిండ్ల వరుసయు ఆ రంగులో కనబడినపుడు మాకును ముచ్చట కలిగినది. రంగులు తొలగగానే వెలుగునీడలు తెలియవచ్చును. రంగుల సందడిలో మఱుగుపడిన ముఖపు ముడుతలు, బట్టలోని నేత, తలుపుకఱ్ఱలోని చారలు పైకి వచ్చును. చూచుట నేర్చుకొనుటకు ఇది మంచి పాఠమే. కాని ఏ పాఠమునకైనను అర్థము తెలియవలెను గదా! పాతఫోటో ఎందుచేత అట్లుండునో తెలిసికొన్న పిదపనే దానిని అనుకరించుటలో రుచి గలదు.

ఫోటో తీయు విద్య లోకమునకు వెల్లడియైనది 1839లో, పారిస్ నగరమున. డాగేర్ అను నాతడు కనుగొన్న ఆ పద్ధతిలో వెండిపూత గల రాగిరేకుమీద బొమ్మ నిలిచెడిది. ఆ తొలినాళ్ళలో రేకుమీద వెలుగు చాలినంత పడుటకు నిమిషముల కాలము పట్టెడిది. అంతసేపు కదలకుండుటకై కూర్చున్నవారి తలవెనుక ఇనుప ఆనుడు పెట్టెడివారు. నవ్వు ముఖమున అంతసేపు నిలుచునా? తరువాత 1871లో మాడాక్స్ అను ఆంగ్లవైద్యుడు జెలటిన్ పూతతో పొడిఫలకములు చేయు మార్గము చూపగా, ఆ కాలము క్రమముగా క్షణములో భాగమునకు తగ్గెను. అయినను ఫోటో తీయించుకొనుట ఇంటికి ఒక పెద్దపని యగుటచే మనవారు చాలకాలము గంభీరముగనే కూర్చుండిరి. మన తాతలందఱు కోపిష్ఠులని పిల్లలు తలచుటకు ఆ పటములే కారణము!

గోధుమవన్నె కథ వేఱు. నలుపుతెలుపు ఫోటోలో నల్లగా కనబడునది మిక్కిలి సన్నని వెండిపొడి. గంధకము గల ద్రావకములతో దానిని మార్చినచో అది వెండి సల్ఫైడై గోధుమవన్నె పొందును. ఆ రూపమున అది కాలమునకు బాగుగా ఓర్చుకొనును. అనగా మనము ముసలితనమునకు గుర్తని తలచు ఆ వన్నెను, పెక్కు పటములలో, అవి దీర్ఘకాలము నిలుచుటకై బుద్ధిపూర్వకముగ కల్పించిరన్నమాట. దానికి సెపియా అని పేరు. ఒకజాతి సముద్రజీవి విడుచు గోధుమరంగు సిరానుండి ఆ మాట వచ్చినది. మఱికొన్ని పాతపటములు కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముమీద అచ్చుపడినవి. ఫ్రాన్సు దేశమున 1850లో వచ్చిన ఆ కాగితము కాలక్రమమున పసుపువన్నెకు తిరుగును. ఫోటోలోని గరుకు ఆ వెండిరేణువుల గరుకే. మూలలు నల్లబడుట ఆనాటి కటకముల లోపము. ఇక 1970 ప్రాంతముల రంగుల ఫోటోలు ఎఱ్ఱగా మారుటకు కారణము, వానిలోని మూడు రంగులలో నీలివన్నె ముందుగా వెలిసిపోవుటయే. మన ఇండ్లలోని పెండ్లి ఆల్బములలో దీనిని మీరు చూచియే యుందురు.

అన్నిటికంటె వింతయైన సంగతి ఎఱుపునుగూర్చినది. తొలినాటి ఫలకములకు నీలము తెలియునుగాని ఎఱుపు తెలియదు. 1873లో ఫోగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కొన్ని అద్దకములు కలిపి పచ్చని కాంతికిని ఫలకమును మేల్కొల్పెను. ఎఱుపుతో సహా అన్నిరంగులను గుర్తించు ఫలకములు అంగడికి వచ్చినది 1906లో. అవి స్టూడియోలన్నింటికి చేరుటకు మఱికొంత కాలము పట్టెను. అందుచే ఆ పాతపటములలో నీలాకాశము తెల్లకాగితమువలె ఉండును. ఎఱ్ఱని కుంకుమబొట్టు కాటుకవలె నల్లగా ఉండును. ముత్తవ్వల పటములలో బొట్టు నల్లగా కనబడినచో వారు నల్లబొట్టు పెట్టుకొనిరని అనుకొనరాదు. ఆ ఫలకమునకు కుంకుమరంగు కనబడలేదు, అంతియే.

ఈ సంగతులు తెలిసినవానికి ఫోనులో పాతరంగు ఫోటో తీయుట కష్టము కాదు. ఫ్లాషు వాడరాదు. కిటికీ ప్రక్కననో, తిన్నెమీద నీడలోనో మనిషిని కూర్చుండబెట్టి, ఒకవైపునుండి వెలుగు పడునట్లు చూచుకొనవలెను. ముఖమునకు ఫోనును మరీ దగ్గఱగా పెట్టినచో ముక్కు పెద్దదగును. కావున నాలుగడుగులు వెనుకకు జరిగి తీయవలెను. వెనుక గోడమీద మీటలు, కరెంటు తీగలు, ప్లాస్టికు కుర్చీలు లేకుండ చూడవలెను. తీసిన పిమ్మట మొదట చేయవలసినది ప్రతి తీసికొనుట, అసలుబొమ్మను ముట్టుకొనరాదు. స్నాప్‌సీడ్ వంటి ఉచితమైన యాప్‌లో ఆ ప్రతిని నలుపుతెలుపునకు మార్చునపుడు రంగుల జల్లెడలు కొన్ని కనబడును. నీలపు జల్లెడను ఎంచుకొన్నచో ఎఱుపు నల్లబడి, ఆకాశము తెల్లబడి, పైన చెప్పిన తొలినాటి ఫలకపు గుణము కొంత వచ్చును. పిదప కొంచెము గోధుమవన్నె, చిటికెడు గరుకు, మూలలయందు పలుచని నీడ చాలును. పులుసులో ఉప్పు ఎంతయో ఇదియు అంతే.

గీతలు, మరకలు, చినుగులు వేయు సాధనముల జోలికి మాత్రము పోవలదని మా సలహా. వన్నెయు గరుకును ఫోటో పుట్టుకకు సంబంధించిన గుణములు. గీత అటువంటిది కాదు, అది ఆ పటమునకు జరిగిన అనుభవము. అది ఏనాడో, ఎవరిచేతనో, ఎచ్చటనో పడినది. జరుగని అనుభవమును జరిగినట్లు చెప్పుట వేఱుపని. ఈ భేదము మాకు స్పష్టముగ బోధపడినది ఈ సంవత్సరము మా పాఠశాలలో జరిగిన చిన్న ప్రదర్శనమునందు.

మన ఊళ్ళలోని తెలుగుకుటుంబముల పాతఫోటోలను ఇండ్లనుండి తెచ్చి, ఒకదినము తరగతిగదిలో అమర్చవలెనని పిల్లలు ఉత్సాహపడిరి. చాలమంది తెచ్చిరి. స్టూడియోలో గీసిన మేడమెట్ల తెఱముందు నిలిచిన దంపతులు, భజనమండలి, బావిత్రవ్వకము, ఎద్దుల జత. తొమ్మిదవ తరగతి కుఱ్ఱవాడొకడు తన ముత్తవ్వదనియు, నూఱేండ్లనాటిదనియు చెప్పి ఒక పటము తెచ్చెను. తిన్నెమీద ఒక వృద్ధురాలు కూర్చున్నది. గోధుమవన్నె, చినిగిన మూల, ముఖముమీదుగా అడ్డముగ ఒక గీత. చూచినవారందఱు మెచ్చిరి. అంతలో పదవ తరగతి బాలిక యొకతె తాను వినోదమునకై చేసిన ఒక బొమ్మను ఫోనులో చూపెను. అందులోను అదే చోట, అదే వంపుతో, అదే గీత! యాప్ ఒకే గీతలపొరను ఎవరి బొమ్మకైనను కప్పునని పిల్లలకు అప్పుడే తెలిసినది. మేము వృద్ధురాలి నుదురు చూచితిమి. కుంకుమ నల్లగా లేదు. చర్మపు వన్నెలో కలిసిపోయి కనబడనే లేదు. తొలినాటి ఫలకము అట్లు చూడదు.

కుఱ్ఱవానిని ప్రక్కకు పిలిచి మెల్లగా అడిగితిమి. వాడు తలవంచుకొని, "మా ఇంట్లో పాత ఫోటో ఒకటీ లేదు, అయ్యవారూ. అందరూ తెచ్చినారు. ఆమె మా అవ్వ. పోయిన ఆదివారం నేనే తీసినాను" అనెను.

మాకు కోపము రాలేదు. ఆ మాటలోని బాధ మాకు తెలియును. ఆ కాలమున ఫోటో కలిగినవారి సొత్తు. స్టూడియో గల ఊరికి పోయి, వెల యిచ్చి, మంచిబట్టలు కట్టుకొని తీయించుకొనగలవారికే అది దక్కినది. కూలికి పోయినవారికి, ఇల్లు కురిసి పెట్టెలు తడిసినవారికి, ఒకచోట నిలువక తిరిగినవారికి పటములు లేవు. పటము లేనంతమాత్రమున వారికి తాతముత్తాతలు లేకపోయిరా? లోపము కుఱ్ఱవాని కుటుంబమునందు లేదు. వాని తాపత్రయమునందును లేదు. నూఱేండ్లనాటిదన్న ఆ ఒక్కమాటయందే కలదు.

ఆ మాట ఎందుకంత ముఖ్యమో మా అనుభవము ఒకటి చెప్పెదము. మేము ఉపాధ్యాయశిక్షణ పొందినది పొరుగురాష్ట్రమైన ఆంధ్రప్రదేశమున, చిత్తూరు జిల్లాలో. అచ్చట మాతోటివారు మంచివారే, అయినను "మీరు అరవదేశం నుంచి వచ్చి తెలుగు ఎప్పుడు నేర్చుకున్నారు?" అని తఱచుగా అడిగెడివారు. ఇచ్చటికి వచ్చినచో మఱికొందఱు "మీరు ఆంధ్రానుంచి ఎప్పుడొచ్చినారు?" అని అడుగుదురు. రెండుచోట్లను మేము వచ్చినవారమే! మా పెట్టెలో తాతగారి ఫోటో యొకటి ఉండెను. అంగడిముందు ఆయన నిలుచున్నారు. తలపైన తెలుగక్షరముల పలక. వెనుక స్టూడియో ముద్రతోపాటు 1952 అను సంవత్సరము. ఆనాడు హోసూరు మదరాసు రాష్ట్రములోని సేలము జిల్లాలోనిది. చిత్తూరును ఆ రాష్ట్రములోనిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వేఱుపడెను. 1965లో హోసూరు ధర్మపురి జిల్లాలో చేరెను. 2004లో కృష్ణగిరి జిల్లాలో చేరెను. తాతగారి అంగడి మాత్రము కదలలేదు. ఆ ఫోటో చూచిన పిదప మాతోటివారు ఆ ప్రశ్న మఱల అడుగలేదు.

కొద్దిమందిగా నున్న మనవంటివారికి పాతఫోటో గోడకు అలంకారము మాత్రమే కాదు, సాక్షి కూడ. మనభాష ఈ నేలమీద ఎంతకాలముగ మాటాడబడుచున్నదో అది చెప్పును. అటువంటి సాక్షుల నడుమ ఒక్క కల్పితసాక్షి చేరినచో ఏమగును? నిజమైన సాక్షులను కూడ జనులు అనుమానించెదరు. "ఇదియు ఫోనులో చేసినదే కాబోలు" అని తాతగారి అంగడిని సైతము ఎవరైన త్రోసివేయవచ్చును. కుఱ్ఱవాడు చేసినది చిన్నపనియే; దాని నీడ మాత్రము చిన్నది కాదు.

ఫోటో చెప్పినదెల్ల సత్యమని లోకము నమ్ముట క్రొత్త కాదు. ఇంగ్లండులోని కాటింగ్లీ అను గ్రామమున 1917లో ఇద్దఱు బాలికలు, పదునాఱేండ్ల ఎల్సీ రైట్, తొమ్మిదేండ్ల ఫ్రాన్సిస్ గ్రిఫిత్స్, కాగితముపై దేవకన్యల బొమ్మలు గీసి, కత్తిరించి, సూదులతో గడ్డిలో నిలిపి వానిప్రక్కన ఫోటోలు తీసికొనిరి. అది ఆటగనే మొదలైనది. కాని షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన ఆర్థర్ కోనన్ డాయిల్ అంతటివాడు వానిని నమ్మి 1920లో పత్రికలో ప్రకటించెను. పెద్దవారు నమ్మిన పిదప పిల్లలు నిజము చెప్పలేకపోయిరి. బొమ్మలు కత్తిరించినవే యని వారు ఒప్పుకొన్నది 1983లో, ముసలితనమున. ఆటలాడిన మాటను ఆనాడే ఎవరైన మెల్లగా అడిగి చెప్పించియుండినచో ఆ ఇద్దఱికి అఱువదియాఱేండ్ల బరువు తప్పెడిది.

కావున కుఱ్ఱవాని పటమును మేము ప్రదర్శనమునుండి తీసివేయలేదు. దానిక్రింద ఒక చీటి వ్రాయుమంటిమి. వాడు తన చేతితో ఇట్లు వ్రాసెను: తీసినవాడు మనుమడు, తీసినది ఈ సంవత్సరము, పాతరంగు యాప్‌తో వేసినది, మా ఇంట పాతఫోటోలు లేవు. చివరిమాట వ్రాయుటకు వాడు కొంత జంకెను. కాని ఆనాడు వచ్చిన తల్లిదండ్రులలో ఎక్కువమంది నిలిచి చదివినది ఆ చీటినే. "మా ఇంట్లో కూడా లేవు" అని ఇద్దఱు ముగ్గురు తల్లులు మాతో చెప్పిరి.

ఆ అవ్వయు మనుమని చేయిపట్టుకొని వచ్చినది. పటమును చాలసేపు చూచి, "నేను ఎప్పుడురా ఇంత పాతబడింది? నా చీర రంగంతా యాడికి పాయ?" అని అడిగినది. అందఱు నవ్విరి. కుఱ్ఱవాడు ఫోనులో అసలుబొమ్మను తీసి చూపెను. చిలుకపచ్చ చీర, ఎఱ్ఱని అంచు, నుదుట కుంకుమ. అవ్వ ముఖము వికసించినది. ఆ చీర ఎవరి పెండ్లికి ఎవరు పెట్టినదో, ఏ సంతలో కొన్నదో, తాను చిన్ననాట ఏ చెరువుకట్టమీద మన్ను మోసినదో వరుసగా చెప్పసాగినది. వాడు నోటుపుస్తకమున రెండుపుటలు వ్రాసికొనెను. అసలుబొమ్మను తుడిచివేయక దాచియుంచుటచేత గదా ఆ మాటలు దొరకినవి! నేడు మన ఇండ్లలో సజీవముగ నున్న పెద్దల రంగులను మనమే చెరిపి, వారిని గోడమీది వారివలె చేయుటకు తొందరయేల?

ఇప్పుడు తల్లిదండ్రులకు కొన్ని విన్నపములు. నిజమైన పాతఫోటోలున్నవారు వానిని పిల్లలచేత ఫోనులో ప్రతి తీయింపుడు. నీడగల వెలుతురులో పటమును సమముగ పఱచి, ఫోనును దానికి సరిగా ఎదురుగ పట్టి, ఫ్లాషు లేకుండ తీయవలెను. అద్దమునకు అంటుకొనిపోయిన పటమును పెఱుకరాదు, అద్దముతోనే తీయవలెను. చినిగినచోట టేపు అంటింపరాదు. తేమగోడకు వ్రేలాడదీయరాదు. ఊటీలో 1960లో ఏర్పడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అను ప్రభుత్వసంస్థ 'ఇందు' అను పేర ఫోటో సరకు తయారుచేసెడిది. ఇప్పుడు ఆ సంస్థ లేదు. ఆ తరపు పటము పోయినచో మఱల అట్టిది తయారుకాదు.

ముఖములను బాగుచేసెదమని, రంగులు వేసెదమని చెప్పు క్రొత్త యంత్రమేధ యాప్‌లు ఉన్నవి. అవి చెరిగిన కన్నును వెదకి తెచ్చునవి కావు. వేయి కన్నులను చూచి, ఇట్లుండవచ్చునని ఒక కన్ను పెట్టునవి. చీర రంగును అట్లే ఊహించునవి. ముచ్చటకు చేసికొనవచ్చును గాని, దానిని తాతగారి ముఖమని మనుమలకు అప్పగింపరాదు. ఏది అసలో, ఏది చేర్పో వ్రాసి పెట్టవలెను. ఫోను తాను తీసిన బొమ్మలోపల తేదీని దాచుకొనును. వాట్సాప్‌లో మామూలుగ పంపునపుడు ఆ వివరము తొలగిపోవును. కాబట్టి ఫోనును నమ్మి ఊరకుండరాదు. మనము వ్రాసినదే మనకు ఆధారము.

విద్యార్థులారా! పాతరంగు ఫోటోలు తీయుడు. వెలుగును చూచుట నేర్చుకొనుడు. మీరు చేసిన ప్రతిదానిక్రింద ఎవరు, ఎప్పుడు, ఎచ్చట, ఏమి మార్చితిరి అను నాలుగు సంగతులు తెలుగక్షరములతో వ్రాయుడు. కాగితపు పటమైనచో వెనుకవైపున మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాయవలెను. బాల్‌పెన్ను ముందువైపునకు గాటు పెట్టును. వచ్చే సెలవులలో మీ అవ్వలను, జేజులను రంగులతోనే ఒక ఫోటో తీసి, వారు చెప్పిన మాటలు ఒక పుటయైనను వ్రాసి తెండు. మా తరగతిగదిలో ఒక బీరువా అఱను అందులకై ఖాళీ చేసి యుంచితిమి. కుఱ్ఱవాడు తెచ్చిన రెండుపుటలు ఇప్పటికే అందులో నున్నవి.